సేలము మద్యనిషేధము - అంగడి మూసిన పిదప

1937వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలోని కల్లు దుకాణములును సారా దుకాణములును మూతపడినవి. బ్రిటిషు ఇండియాలో ఒక జిల్లా యంతటను శాసనముచే మద్యమును నిషేధించుటకు జరిగిన తొలి ప్రయత్న మిదియే. ఆనాటి సేలము జిల్లా మిక్కిలి పెద్దది. నేటి సేలము, నామక్కల్, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలు నాలుగును స్థూలముగా అందులోనివే. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో సేద్యము చేసికొనువారిలోను, సేలము పట్టణమున మగ్గముల మీద బ్రదుకు దేవాంగులలోను తరతరములుగా ఇంట తెలుగు మాటాడు కుటుంబములు పెక్కు. కావున సేలము నిషేధమును తమిళదేశ చరిత్రలోని ఘట్టముగా మాత్రమే పరిగణించుట అసమగ్రము. ప్రవాసాంధ్రుల ఇండ్లలో కూడ అది జరిగిన కథయే.

ఈ శాసనమునకు కర్త అప్పటి మద్రాసు ప్రధాని చక్రవర్తి రాజగోపాలాచారి. ఆయన జన్మస్థానము హోసూరు చెంతనున్న తొరపల్లి గ్రామము. సేలములో న్యాయవాదిగా పేరు గడించి, ఆ పురపాలక సంఘమునకు అధ్యక్షుడై, 1925లో తిరుచెంగోడు సమీపమున గాంధీ ఆశ్రమమును స్థాపించెను. మద్యనిషేధ ప్రచారమునకై 1929లో ‘విమోచనం’ అను తమిళ పత్రికను నడపెను. కాబట్టి అధికారము చేతికి వచ్చినంతనే తానెరిగిన జిల్లానే ప్రయోగమునకు ఎన్నుకొనుటలో వింత లేదు.

ఆ ప్రయోగము సాహసమైనది. అప్పటికి మద్రాసు రాజధాని ఆదాయములో సుమారు నాలుగవ వంతు అబ్కారీ నుండియే వచ్చుచుండెను. ఏటేట వేలంపాటలు, చెట్టుపన్ను, సారాపై సుంకము - ఈ మూడింటి మీద ఖజానా నిలిచినదనిన అతిశయోక్తి కాదు. పాఠశాలల ఖర్చునకు కల్లుపాటల సొమ్మే ఆధారమను మాట ఆ కాలపు చర్చలలో తరచు వినబడెడిది. నిషేధము 1938లో చిత్తూరు, కడప జిల్లాలకును, 1939లో ఉత్తర ఆర్కాటునకును విస్తరించినది. అందువలన కలిగిన లోటును పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్ను శాసనము వచ్చినది. నేడు దేశమంతట వ్యాపించిన అమ్మకపు పన్నుల పరంపరలో ఈ మద్రాసు శాసనము తొలినాటి మెట్లలో నొకటి. త్రాగువాని జేబు నుండి వచ్చెడి రాబడి యిట్లు సరకు కొను ప్రతివాని జేబునకు మారినది. ఆ మార్పును మెచ్చుకొనినవారు కలరు, తిట్టినవారును కలరు.

ఫలితములను పరిశీలించు పని మద్రాసు విశ్వవిద్యాలయపు అర్థశాస్త్రాచార్యులు పి. జె. థామస్ గారికి వచ్చినది. ఆ పరిశీలన కుటుంబముల ఆదాయవ్యయములను లెక్కించినది. తిండికి, బట్టకు పెట్టు ఖర్చు పెరిగినదనియు, అప్పుల బాధ తగ్గినదనియు తేల్చినది. ఆ కాలమునకు అట్టి పరిశీలన అరుదైనది, ఆదరణీయమైనది. కాని అది అర్థశాస్త్రజ్ఞుని నివేదిక. అందు ఇంటి పద్దు ఉన్నది, వైద్యుని చీటీ లేదు. అక్టోబరు 1వ తేదీకి ముందు దినము వరకు ప్రతిదినము సారా త్రాగుచు, మరునాటి ఉదయము ఏమియు దొరకని మనుష్యుని దేహమున ఏమి జరిగినదను ప్రశ్న అర్థశాస్త్రమునకు చెందినది కాదు.

ఆ ప్రశ్నకు ఆనాడు వైద్యమునందును పూర్తి సమాధానము లేదు. త్రాగుడు రోగమను భావము క్రొత్తది కాదు. అమెరికాలో బెంజమిన్ రష్ 1784లోను, బ్రిటనులో థామస్ ట్రాటర్ 1804లోను ఆ మాటయే చెప్పిరి. అధికముగా త్రాగువారికి ఒక్కొక్కప్పుడు చేతులు వణకి, లేనివి కనబడి, మతి తప్పి, మరణము కూడ సంభవించు స్థితికి 1813లో థామస్ సట్టన్ ‘డెలీరియం ట్రెమెన్స్’ అని పేరుపెట్టెను. అయితే ఆ స్థితికి కారణము త్రాగుటయా, త్రాగుడు ఆగుటయా అను సంగతి నూరేండ్లకు పైగా వివాదమున నున్నది. విషము ఎక్కువై యిట్లయ్యెనని కొందరు, తిండిలేమి వలన ననిరి మరికొందరు.

ఈ వివాదమును తీర్చినది 1955లో ప్రకటింపబడిన హారిస్ ఇస్బెల్, ఆయన సహచరుల పరిశోధన. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున, లెక్సింగ్టన్‌లో, మునుపు మార్ఫిన్‌కు అలవాటుపడిన పదిమందికి వారముల తరబడి మద్యమిచ్చి, మంచి ఆహారమును పెట్టి, పిదప ఒక్కసారిగా మద్యమును ఆపిరి. కొద్ది దినములు త్రాగినవారికి స్వల్పబాధలు కలిగినవి. నలుబదియెనిమిది మొదలు ఎనుబదియేడు దినముల వరకు త్రాగినవారిలో కొందరికి మూర్ఛలు వచ్చినవి, కొందరికి మతిభ్రమణము కలిగినది. తిండి లోపింపకున్నను ఇట్లు జరిగినది గనుక ఆకస్మికముగా మానుటయే కారణమని రుజువైనది. నిర్బంధములో నున్నవారి మీద అట్టి పరీక్షలు చేయుట నేటి నీతికి అంగీకారము కాదు. వారి శరీరములు చెల్లించిన మూల్యమున లభించిన జ్ఞానమిది. సేలమున దుకాణములు మూసిన నాటికిని ఈ రుజువునకును నడుమ పదునెనిమిది సంవత్సరములు గడచినవి.

ఇందుచేత సేలమున త్రాగువారెల్ల ప్రాణాపాయమున పడిరని ఊహింపరాదు. కల్లులో మద్యాంశము స్వల్పము. పండుగకో సంతకో త్రాగు మనుష్యుడు మానినంత మాత్రమున జబ్బుపడడు. ప్రమాదమున్నది ప్రతిదినము అధికముగా త్రాగి, త్రాగనిదే ఉదయమున చేయి నిలువని వానికి. అట్టివారు ఏ ఊరనైనను కొలదిమందియే. వారికి నేటి వైద్యము చేయునది యిది: కొన్ని దినములు డయాజిపామ్ జాతి మందును క్రమముగా తగ్గించుచు ఇచ్చుట, థయమిన్ అను బి1 విటమినును సూదిమందుగా నిచ్చి మెదడును కాపాడుట, నీరు, ఆహారము, కనిపెట్టియుండు మనుష్యుడు. ఇది ఖరీదైన వైద్యము కాదు. 1937 నాటి శాసనము మాత్రము త్రాగుటను నేరముగా నెంచినది; త్రాగుడు మానలేని వానికి పోలీసుఠాణా దారి చూపినది గాని ఆసుపత్రి దారి చూపలేదు.

శాసనముల చరిత్ర మాత్రము వేగముగా మారుచు వచ్చినది. 1939లో కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా చేసిన పిదప, యుద్ధకాలపు గవర్నరు పాలనలో నిషేధము నిలిపివేయబడినది. 1946లో టంగుటూరి ప్రకాశం పంతులు మంత్రివర్గము దానిని మరల ప్రారంభించినది. 1948 నాటికి రాజధాని అంతటను అమలుచేసిన ప్రధాని ఓమందూరు రామస్వామి రెడ్డియారు, తమిళదేశమున చిరకాలము క్రిందట స్థిరపడిన రెడ్డి సంతతివాడు. ఆంధ్రరాష్ట్రము 1953లో ఏర్పడినప్పుడు నిషేధము వారసత్వముగా దానికి సంక్రమించినది. దానిని ఎత్తివేయవలెనని రామమూర్తి సంఘము సిఫారసు చేయగా, ఆ వివాదము మీదనే 1954 నవంబరులో ప్రకాశంగారి ప్రభుత్వము ఒకే ఒక్క ఓటుతో పడిపోయినది. నిషేధమును పునఃప్రారంభించిన మనుష్యుడే నిషేధము కారణమున పదవి కోల్పోవుట మన రాజకీయ చరిత్రలోని విచిత్రములలో నొకటి.

తరువాతి కథ సంగ్రహముగా చెప్పిన చాలును. ఆంధ్రప్రదేశ్‌లో 1969లోను, తమిళనాడులో 1971లోను నిషేధము సడలినది. తమిళనాడు కొలది సంవత్సరములకే మరల నిషేధించినది, మరల సడలించినది. 1983లో ప్రభుత్వమే మద్యవ్యాపార సంస్థను నెలకొల్పినది, 2003 నుండి చిల్లర అమ్మకము కూడ దాని చేతికే వచ్చినది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1990ల ఆరంభమున సారాపాటలను ఎదిరించి నిలిచిరి. ఆ ఉద్యమ ఫలితముగా 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా రద్దయినది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చి 1997లో తొలగినది. ఆ రెండేండ్లును, ఫ్రెంచివారి కాలము నుండియు వేరు పాలనలో నున్న యానాము గోదావరి యొడ్డున చుట్టును ఆంధ్రదేశముండగా తన దుకాణములు తాను తెరచుకొని యుండెను. ఎల్లయొక్క బలహీనత యెట్టిదో ఆ చిన్న పట్టణమును చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఎల్లల సంగతి హోసూరు తెలుగువారికి మరింత కఠినముగా తెలిసినది. కర్ణాటక ప్రభుత్వము 2007 జూలైలో సారాను నిషేధించినది. 2008 మే మాసమున బెంగుళూరు పరిసరములలోను, కోలారు జిల్లాలోను, సరిహద్దున కీవలనున్న కృష్ణగిరి జిల్లాలోను కల్తీసారా త్రాగి నూరుమందికి పైగా మరణించిరి. నిషేధమొక్కటియే ఆ మరణములకు కారణమని తీర్మానించుట న్యాయము కాదు. మద్యము బహిరంగముగా దొరకు తమిళనాడులోనే 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో అరువదిమందికి పైగా అదే విధమున చనిపోయిరి. అచ్చటి ప్రాణాంతక పదార్థము మిథనాల్. అది దేహమున ఫార్మిక్ ఆమ్లముగా మారి మొదట కంటినరమును, పిదప ప్రాణమును హరించును. రెండు ఘటనలను చేర్చి చూచినచో ఒక విషయము తేటపడును. అంగడి తెరచినను మూసినను, చౌకగా దొరకునదేదైనను త్రాగక నిలువలేని మనుష్యులు కొందరు మిగిలియుందురు. చావులు వారి యిండ్లనే ఎక్కువగా వెదకికొని పోవును.

వీరిని గూర్చిన శాస్త్రము గత డెబ్బది సంవత్సరములలో పెరిగినది. 1954లో మాంట్రియల్‌లో ఓల్డ్స్, మిల్నర్ అనువారు ఎలుక మెదడులోని కొన్ని తావులను విద్యుత్తుతో తాకినచో, ఆ స్పర్శకై ఎలుక మరల మరల మీట నొక్కుటను చూచిరి. తరువాతి పరిశోధనలు ఆ మార్గముననే సాగి, మద్యము, నల్లమందు, పొగాకు మున్నగునవి మెదడులోని డోపమిన్ వ్యవస్థను ఏ విధమున వశపరచుకొనునో చూపినవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు 1964లో ‘వ్యసనము’ అను పాత మాటను విడచి ‘పరాధీనత’ అను మాటను స్వీకరించిరి. 1976లో ఎడ్వర్డ్స్, గ్రాస్ అను వైద్యులు మద్యపరాధీనతయొక్క లక్షణములను వర్ణించి, అది ఉన్నది, లేదు అను రెండే స్థితులు గాక తక్కువ ఎక్కువలు గలదని తెలిపిరి. ఇది మెదడు రోగమే యని కొందరు పండితులును, బీదరికమును పరిసరములను విడచి మెదడును మాత్రము చూచుట పొరపాటని మరికొందరును నేటికిని వాదించుచున్నారు. రెండవ పక్షమువారి హెచ్చరికలో బలము కలదు. ఐనను మొదటి పక్షము వలన ఒక మేలు జరిగినది. త్రాగుబోతు అను తిట్టునకు బదులు రోగి అను పేరు వచ్చినది.

మందులును వచ్చినవి. 1948లో డెన్మార్కునందు కనుగొనబడిన డైసల్ఫిరామ్ త్రాగినవానికి వాంతి, దడ కలిగించి భయపెట్టును. 1990లలో అమెరికాలో ఆమోదము పొందిన నాల్‌ట్రెక్సోన్ కోరికనే తగ్గించును. వైద్యుని పర్యవేక్షణ లేక వీనిని వాడరాదు. రోగికి తెలియకుండ అన్నములో కలిపి డైసల్ఫిరామ్ ఇచ్చుట ప్రాణాపాయము.

దక్షిణదేశమున ఈ చికిత్స ఆలస్యముగ వచ్చినది. సేలమున అంగడులు మూసిన నలుబదిమూడు సంవత్సరములకు, 1980లో, శాంతి రంగనాథన్ గారు మద్రాసున టి. టి. రంగనాథన్ పేర ఒక చికిత్సాసంస్థను స్థాపించిరి. ఆమె పతి మద్యపరాధీనత వలననే మరణించెను. ఆ సంస్థ 1989 మొదలు మంజక్కుడి గ్రామమున శిబిరములు నడపి, చికిత్సను పల్లెకు తీసికొనిపోవచ్చునని చూపినది. హోసూరునకు సుమారు నలుబది కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరు నిమ్హాన్స్‌లో వ్యసనవైద్యమునకు ప్రత్యేక విభాగమున్నది. అయినను 2019లో ప్రకటించిన జాతీయ పరిశీలన ప్రకారము దేశమున మద్యము త్రాగువారు సుమారు 16 కోట్లు. సహాయము అవసరమైనవారు 5.7 కోట్లు, వారిలో పరాధీనులు 2.9 కోట్లు. మద్యపరాధీనులు 38 మందిలో ఒక్కనికి మాత్రమే ఏదో ఒక చికిత్స లభించినది.

ఈ లోటును పూడ్చుటకు మనోవైద్యులు చాలరు. గోవాలో జరిగి 2017లో ప్రకటింపబడిన పరీక్షయందు, వైద్యులు కాని సామాన్యులకు శిక్షణనిచ్చి, హానికరముగా త్రాగు పురుషులతో కొలది పర్యాయములు మాటాడించిరి. మూడు నెలలకు వారిలో నూటికి 36 మంది తేరుకొనగా, ఆ సంభాషణ లేనివారిలో 26 మందియే తేరుకొనిరి. పరాధీనత ముదిరినవారు ఆ పరీక్షలో లేరను సంగతి మరువరాదు. ఇచ్చట భాషయొక్క ప్రసక్తి కలుగును. ఈ చికిత్సయంతయు మాటయే. ఇంట తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో మరాఠీయో మాటాడు మనుష్యుడు తన సిగ్గును, భార్యతోడి తగవును, తెల్లవారుజామున చేతి వణుకును ఏ భాషలో చెప్పుకొనును? సంతభాష బేరమునకు చాలును, ఇట్టి మాటలకు చాలదు. దేశవ్యాప్తముగ 14446 సంఖ్యకు ఉచితముగా ఫోనుచేసి సలహా పొందు సౌకర్యమున్నది; దాని తరువాత ఎదుట కూర్చుండి వినెడి మనుష్యుడు కావలెను.

మహారాష్ట్రమున గడ్చిరోలి జిల్లాలో 1993 నుండి మద్యనిషేధము కలదు. ఆ జిల్లా దక్షిణాగ్రమున, ప్రాణహిత గోదావరుల కూడలి చెంతనున్న సిరొంచ తాలూకాలో తెలుగు మాటాడువారు తరతరములుగా కాపురమున్నారు. అచ్చట అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల ‘సర్చ్’ సంస్థ ప్రభుత్వముతో కలిసి 2016 నుండి ‘ముక్తిపథ్’ అను కార్యక్రమమును నడపుచున్నది. అందు గ్రామసభల తీర్మానములు, అక్రమ సారాపై నిఘా, పొగాకు నివారణ కలవు. వానితోపాటు త్రాగుడు మానలేని వానికి చికిత్సాలయమును కలదు. సేలము శాసనమున లేని అంశమిది.