స్త్రీ వైద్య చరిత్రలో లెక్కకు రాని బాధ

1885లో వైస్రాయి డఫరిన్ భార్య పేరిట ఒక నిధి ఏర్పడింది. భారత స్త్రీలకు స్త్రీల చేతనే వైద్యం అందించటం దాని ఆశయం. ఘోషా స్త్రీ మగ డాక్టరు ముందుకు రాదు కనుక ఆడ డాక్టరును తెస్తే చిక్కు తీరుతుందని ఆనాటి పాలకుల లెక్క. విశాఖపట్నంలోని విక్టోరియా ఆస్పత్రిని జనం నేటికీ ఘోషాస్పత్రి అంటూనే వున్నారు. ఆ లెక్క సగమే నిజం. డాక్టరు మగా ఆడా అన్నదానికన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి వుంది: ఈ వైద్యం స్త్రీ దేహంలో దేనిని చూడటానికి వచ్చింది? మొదట కాన్పును చూడటానికి వచ్చింది. 1952 తరువాత, కుటుంబ నియంత్రణ పథకంతో, కాన్పును ఆపటానికి కూడా వచ్చింది. ఈ రెండింటికీ చెందని బాధతో వచ్చిన స్త్రీని ఏ గదికి పంపాలో దానికి తెలియలేదు.

బాహ్య జననాంగంలో నెలల తరబడి, ఏళ్ల తరబడి నిలిచే మంట, పోటు అటువంటి బాధ. పుండు కనిపించదు, పరీక్షలో క్రిమి దొరకదు. కూర్చుంటే నొప్పి, బట్ట తగిలితే నొప్పి, దాంపత్యం సంగతి చెప్పనే అక్కరలేదు. ఇది పట్నవాసపు సుకుమారుల జబ్బు అనేవారు చరకసంహిత చికిత్సాస్థానం తిరగవెయ్యవచ్చు. ఇరవై యోనివ్యాపత్తులలో వాతానికి చెందినదాన్ని వర్ణిస్తూ పొడుపు, బిగింపు, చీమలు పాకినట్టుండటం అని అందులో రాశారు. ప్రాచీనులకు అన్నీ తెలుసునని మురిసిపోనక్కరలేదు. కారణాల దగ్గరకు వచ్చేసరికి ఆ గ్రంథం స్త్రీ మిథ్యాచారాన్నే ముందు పెట్టింది. 1880లో అమెరికన్ వైద్యుడు గెయిలార్డ్ థామస్ ఈ అతిస్పర్శను తన గ్రంథంలో వర్ణించాడు. ఆపైన దాదాపు వందేళ్లు వైద్యలోకం దాన్ని పట్టించుకోలేదు. కనీసం 3 నెలలు వుండి, స్పష్టమైన కారణం కనబడని ఈ నొప్పిని వల్వోడీనియా అనాలని అంతర్జాతీయ వైద్య సంఘాలు 2015లో నిర్వచించాయి. బోస్టన్ ప్రాంతంలో జరిగి 2003లో వెలువడిన పరిశీలనలో, ఇటువంటి నొప్పి వున్నవారిలో సుమారు 40 శాతం అసలు వైద్యానికే పోలేదు. పోయినవారిలో 60 శాతం ముగ్గురు, అంతకు మించిన డాక్టర్ల చుట్టూ తిరిగారు. అంత ధనిక దేశంలో!

ఇక అనకాపల్లి సంగతి. బెల్లం మార్కెట్టుకు పేరుపడ్డ ఊరు, 2022 నుంచి జిల్లా కేంద్రం. చెరకు తోటలో పనిచేసే మనిషి ఈ బాధను ఏమని చెప్పుకుంటుంది? “కింద మంట” అంటుంది, “వేడి చేసింది” అంటుంది, లేదా అందరికీ తెలిసిన తెల్లబట్ట పేరు చెబుతుంది. చెప్పిన పేరుకే మందు రాస్తారు. విశాఖ పెద్దాస్పత్రికి పోవటమంటే ఒకరోజు కూలి పోవటం. అక్కడ “ఏమీ లేదమ్మా” అనిపించుకున్నాక రెండో కూలి ఎందుకు పోగొట్టుకుంటుంది? తెలంగాణ సరిహద్దునే వున్న గడ్చిరోలీలో డాక్టర్ రాణీ బంగ్, ఆమె సహచరులు రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో ఫలితాలు ప్రకటించారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీరోగం వుంది. అంతకుముందు ఎన్నడైనా పరీక్ష జరిగినవారు 8 శాతం లోపే. ప్రసవవేదన మీద పుటలు నింపిన మన కథకులు సైతం ఈ మిగిలిన బాధల జోలికి పోయింది తక్కువ.

ఈ మౌనం పక్కనే మరో అంకె వుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 8.9 శాతం మందికి గర్భసంచి తీసివేశారు. దేశం మొత్తం మీద అది 3.2 శాతం. ఇవన్నీ ఈ నొప్పి కోసమే జరిగాయని కాదు. అధిక రక్తస్రావమే ఎక్కువమంది చెప్పిన కారణం. కాని పొత్తికడుపు కింద ఏ బాధ చెప్పినా గర్భసంచినే అనుమానించే అలవాటు ఈ అంకెలో కనిపిస్తుంది. గర్భసంచి ఆపరేషనుకు ఒక ధర వుంది, పడక వుంది, బిల్లు వుంది. నరాల నొప్పికి ఇవేవీ లేవు. గర్భసంచి పోయినా యోనిద్వారపు మంట వున్నచోటనే వుంటుంది.

1991లో హైదరాబాదు నుంచి “సవాలక్ష సందేహాలు” వెలువడినప్పుడు, స్త్రీ దేహాన్ని గురించి స్త్రీలే తెలుగులో రాసుకోవచ్చునని రుజువైంది. ఈ నొప్పిని పోల్చుకోవటానికి కావలసిన పరీక్ష ఆ పుస్తకం ఖరీదు కూడా చెయ్యదు. ఇతర జబ్బులు లేవని తేల్చుకున్నాక, దూదిపుల్లతో ఒక్కొక్క చోటే మెల్లగా తాకి “ఇక్కడా? ఇక్కడా?” అని అడగాలి, ఆమె చెప్పింది రాసుకోవాలి. నరాల నొప్పికి వాడే మందులూ, కటి కండరాల వ్యాయామమూ ఆ తరువాతి సంగతి. కాని ప్రభుత్వాస్పత్రి ఓ.పి. వరుసలో ఆమె వెనుక ఇంకా ఎంతోమంది చీటీలు పట్టుకుని నిలబడి వుంటారు.