లోయ పక్కన చక్రం

కొండ దిగేటప్పుడు నోట్లో గోవిందనామం ఉంటుంది గాని, నా కళ్ళు మాత్రం లోయమీదే. పోయినేడు మా కారు మలుపు మలుపుకీ నిలకడ తప్పుతూంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకు దిగాను. తిరుపతిలో మెకానిక్కు ముందు టైర్లు చూపించాడు. లోపలి అంచులు నున్నగా అరిగిపోయాయి! "చక్రాలు ముందువైపు ఎడం జరిగినాయమ్మా. సక్కంగా దొర్లకుండా ఈడ్చుకుంటా పోతా ఉండాయి" అన్నాడు. ఎంత ఎడం? మిల్లీమీటర్లేనట!

ఎద్దుబండికి ఈ బాధ లేదు. రెండే చక్రాలు, తిప్పడం ఎద్దుల వంతు. నాలుగు చక్రాల గుర్రపుబళ్ళకి ముందు ఇరుసంతా తిరగాల్సివచ్చేది. ఇరుకు మలుపులో బోల్తా భయం. 1817లో మ్యూనిక్‌లో బళ్ళు చేసే లాంకెన్‌స్పెర్గర్ ఇరుసుని కదలనివ్వకుండా, చక్రాలు మాత్రం దేనికది తిరిగే ఏర్పాటు చేశాడు. మలుపులో లోపలి చక్రం ఎక్కువ తిరగాలి, బయటిది తక్కువ. 1818లో లండన్‌లో పేటెంటు తీసుకున్నది మాత్రం బొమ్మలు అచ్చువేసి అమ్మే ఆకర్‌మన్. ఆ పద్ధతికి ఆయన పేరే నిలిచింది. వండింది ఒకరు, మెప్పు మరొకరిది. మనకి కొత్తా?

తిరుమలకి మొదటి ఘాట్‌రోడ్డు 1944లో వచ్చింది. అంతవరకూ కాలినడక, లేదా డోలీ. 1974లో రెండో రోడ్డు వచ్చాక ఎక్కడానికి అది, దిగడానికి మెలికల పాతది. దిగేటప్పుడు బ్రేకు నొక్కితే బరువు ముందు చక్రాలమీదికి ఒరుగుతుంది. వంకర ఉంటే అక్కడే బయటపడుతుంది.

మెకానిక్కు చక్రాలని కలిపే కడ్డీ కాస్త తిప్పి సరిచేశాడు. టైర్లు మాత్రం కొత్తవే కొనాల్సివచ్చింది. బిల్లు చూసి మావారు, "ఈసారి అలిపిరి మెట్లెక్కుదాం" అన్నారు. నా మోకాళ్ళ సంగతి ఆయనకేం తెలుసు!