కాంపౌండరు గారి కిటికీ

ఖాళీ సీసా చేతబట్టుకొని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళిన తరంవారికి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. గోడలో చిన్న కిటికీ, దాని వెనుక కాంపౌండరు గారు. వైద్యుడు వ్రాసిన చీటీ చూసి, పెద్ద జాడీలోని మిక్చరును మన సీసాలో పోసి, మోతాదులు తెలిసేలా కత్తిరించిన కాగితపు పట్టీని సీసాకు అంటించి ఇచ్చేవారు. "మూడు పూటలా ఒక్కొక్క మోతాదు." అంతకు మించి ఆ కిటికీలోంచి మాట వచ్చేది కాదు. ఆయనకు తన వృత్తి పట్ల తృప్తి ఉండేదా అని మనం ఎన్నడైనా ఆలోచించామా? ఆ వృత్తి చరిత్రను తిరగేస్తే ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

1930లో బ్రిటిషు ప్రభుత్వం కర్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన మందుల విచారణ సంఘాన్ని నియమించింది. దేశంలో నాసిరకం మందులు ఏ మేరకు చలామణిలో ఉన్నాయో తేల్చడం దాని పని. మందుల నాణ్యతకు చట్టం కావాలనీ, వాటిని కలిపి ఇచ్చేవారి వృత్తికీ ఒక కట్టుబాటు ఉండాలనీ 1931 నాటి నివేదిక సూచించింది. ఆ మరుసటి యేడు, 1932లో, మహాదేవ లాల్ ష్రాఫ్ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి పీఠం వేశారు. 1937 నాటికి అది పట్టభద్రుల కోర్సుగా ఎదిగింది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లో ఫార్మసీ శాఖ వెలసింది.

ఈ నడుమ వచ్చినదే 1948 నాటి ఫార్మసీ చట్టం. వైద్యుడి చీటీ మీద మందు కలిపి ఇచ్చే హక్కు నమోదైన ఫార్మసిస్టుకు మాత్రమే ఉంటుందని అది నిర్దేశించింది. ఆ చట్టంలో నాకు నచ్చిన అంశం ఒకటుంది. మొదటి పట్టికలో చేరడానికి పట్టాలు ఉన్నవారితో పాటు, ఆసుపత్రుల్లో అయిదేళ్ళకు తగ్గకుండా మందులు కలిపిన అనుభవం గలవారికి కూడా అవకాశమిచ్చింది. చేతితో నేర్చిన విద్యను చట్టం గౌరవించిన సందర్భమది. కాంపౌండరు ఆ విధంగా ఫార్మసిస్టు అయ్యాడు.

అయితే పేరు పెరిగిన కాలంలోనే పని తరిగిపోయింది. కాంపౌండరు అంటే కలిపేవాడు. కర్మాగారాల నుండి మాత్రలు, గొట్టాలు, ఇంజెక్షన్లు సిద్ధంగా రాసాగినప్పుడు కలపవలసినది ఏముంటుంది? కల్వం అటక ఎక్కింది. మందు నూరి, తూచి, కలిపిన చేతులకు మాత్రలు లెక్కపెట్టడం, చిట్టా వ్రాయడం మిగిలాయి. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ హైదరాబాదులో కర్మాగారం నెలకొల్పింది, దాని వెంట మరెన్నో వచ్చాయి. పట్టభద్రుల చూపు సహజంగానే అటు మళ్ళింది. ఆసుపత్రి కిటికీ ఎక్కువగా డిప్లొమా చదివినవారి పాలయింది. అసంతృప్తి అనగానే మనం జీతం సంగతి ఎత్తుతాం. జీతం ముఖ్యమే, కాదనను. కానీ నేర్చిన విద్యతో ఎవరికీ అవసరం లేకపోవడం అంతకంటె లోతైన బాధ.

ఇది మన దేశానికే పరిమితమైన కథ కాదు. అమెరికాలోని ఫార్మసిస్టుల సంఘం 1952లో తయారు చేసుకున్న వృత్తి నియమావళి ప్రకారం, మందు గుణం గురించి గాని, అందులో ఏమున్నదన్న దాని గురించి గాని ఫార్మసిస్టు రోగితో చర్చించరాదు. రోగి అడిగితే వైద్యుడి దగ్గరకు పంపాలి. మందుల శాస్త్రమే తన విద్య అయినవాడికి మందు గురించి మాట్లాడే హక్కు లేదు! ఈ మౌనం 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో భగ్నమైంది. అక్కడి తొమ్మిదో అంతస్తులో, రోగుల పడకలకు చేరువలోనే మందుల గదిని ఏర్పాటు చేసి, ఫార్మసిస్టులను వైద్యుల, నర్సుల సరసన నిలబెట్టారు. ఏ మందు ఎంత ఇవ్వాలి, ఏ రెండు కలిస్తే ప్రమాదం అన్న ప్రశ్నలు వారిని వెతుక్కుంటూ వచ్చాయి. ఆసుపత్రి ఫార్మసీ చరిత్రలో అదొక మలుపు. 1969లో పాత నియమావళినీ సవరించారు. మందు చేతికిచ్చి ఊరుకోక, దానివల్ల రోగికి కలిగే ఫలితానికి కూడా ఫార్మసిస్టు బాధ్యత వహించాలని హెప్లర్, స్ట్రాండ్ 1990లో ప్రతిపాదించారు.

ఆ గాలి మన వైపుకూ వీచింది. 2008లో ఆరేళ్ళ ఫార్మ్.డి. కోర్సు ఆరంభమైంది. అందులో చివరి యేడు ఆసుపత్రిలోనే గడపాలి. మందు వాడకం గురించి రోగికి వివరించడాన్ని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు ఫార్మసిస్టు విధిగా పేర్కొన్నాయి. మాట్లాడవద్దన్న 1952 నియమావళి ఎక్కడ, మాట్లాడి తీరాలన్న 2015 నిబంధన ఎక్కడ!

కాని నిబంధన ఒక్కటే చాలదు. కిటికీ ముందు వరుస బారెడు ఉంటే, వెనుక ఉన్నది ఒక్కరే అయితే, ఎంత చదివినా మళ్ళీ ఆ పాత మాటే మిగులుతుంది: "మూడు పూటలా ఒకటి." ఇక్కడ నష్టపోయేది ఫార్మసిస్టు తృప్తి ఒక్కటే కాదు. బీపీకి ఒకరు, కీళ్ళనొప్పులకు మరొకరు వ్రాసిచ్చిన మాత్రలను కలిపి మింగే మన ఇంటి పెద్దలకు హెచ్చరిక చెప్పవలసిన చివరి మనిషి ఆ కిటికీ దగ్గరే ఉన్నాడు.

ఈసారి మందులు తీసుకునేటప్పుడు, వరుసలో వెనుకనున్నవారు కాస్త విసుక్కున్నా సరే, ఒక ప్రశ్న అడిగి చూడండి: "అయ్యా, వీటిని కలిపి వేసుకోవచ్చునా?" జవాబు మనకెంత అవసరమో, ఆ ప్రశ్న ఆయనకు అంత అవసరం.