కూడవెల్లి గుడి రాళ్లకు నంబర్లేశారు, మన చోట్లకు?

మన పాత పాలమూరు జిల్లాలో కృష్ణా, తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గర చాళుక్యుల కాలపు సంగమేశ్వర గుడి ఉండేది. శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునుగుతదని రాయి రాయికీ నంబర్ వేసి, విప్పి, అలంపురంలో మళ్లీ కట్టారు. అప్పుడు లేజర్ స్కానర్లు లేవు, కొలతలన్నీ చేత్తోనే.

ఇప్పుడు స్కానర్ కిరణం పంపి, అది రాతికి తగిలి తిరిగొచ్చేదాన్ని బట్టి దూరం లెక్కగడతది. అట్లాంటి కోట్ల చుక్కలతో కంప్యూటర్‌లో గుడి మొత్తం నిలబడతది. పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని ఆండ్రూ టాలన్ అనే ప్రొఫెసర్ ఇట్లనే స్కాన్ చేసి పెట్టిండు. 2019లో అది కాలిపోయినంక ఆ కొలతలే పనికొచ్చినయి.

నా బాధ ఒకటే. ఎక్కువగా కొలిచేది రాజులు కట్టించినవే. నల్లమలలో చెంచులు పూజ చేసే సలేశ్వరం, మన తండాల్లో మేరామ యాడి పాత గద్దెలు ఎవరు కొలుస్తరు? వీటికి పెద్ద మిషన్ కూడా అక్కర్లేదు. చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలోది సగానికి పైగా పక్క ఫొటోలో కూడా పడేటట్టు ఫోన్‌తో తీస్తే చాలు, సాఫ్ట్‌వేర్ మోడల్ చేస్తది. పక్కన మీటర్ స్కేల్ పెట్టాలె, లేకుంటే సైజు తెల్వది.

అయితే ముందు పెంట పెద్దమనుషులను అడగాలె. వాళ్లు వద్దన్న చోట ఫోన్ జేబులోనే. సరే అంటే ఆ చోటి కథ వాళ్ల గొంతుతోనే రికార్డు చేయాలె, ఫైలు కాపీ వాళ్ల దగ్గర కూడా ఉండాలె.