మోటారు సైకిలు కీ ఫాబ్ బ్యాటరీ

మోటారు సైకిలు కీ ఫాబ్ అనగా వాహన యజమాని జేబులో ఉంచుకొనే చిన్న రేడియో పరికరం. భద్రతా వ్యవస్థ గల మోటారు సైకిళ్లు ఈ ఫాబ్ దగ్గరలో ఉన్నట్లు గుర్తించిన తరువాతనే ఇంజనును నడవనిస్తాయి. దీనిలోని చిన్న బిళ్ళ బ్యాటరీ శక్తి అయిపోతే, వాహనంలో ఏ లోపమూ లేకపోయినా అది కదలదు. ఇటువంటి సమయంలో ఉపయోగపడే ప్రత్యామ్నాయ మార్గం దాదాపు ప్రతి తయారీదారూ ఏర్పాటు చేస్తాడు. అయితే ఆ మార్గాన్ని యజమాని ముందుగానే తెలుసుకొని ఉండాలి.

పనిచేసే విధానం

ఇగ్నిషన్ వేయగానే వాహనంలోని యాంటెన్నా తక్కువ పౌనఃపున్యం గల సంకేతాన్ని పంపుతుంది. చాలా వ్యవస్థలలో ఇది సుమారు 125 కిలోహెర్ట్జ్ ఉంటుంది. దీని పరిధి ఒకటి రెండు మీటర్లకు మించదు. ఆ సంకేతం తగలగానే నిద్రాణంగా ఉన్న ఫాబ్ మేల్కొని, తన గుర్తింపు సంఖ్యను రేడియో తరంగాల ద్వారా తిరిగి పంపుతుంది. సంఖ్య సరిపోలితే భద్రతా వ్యవస్థ తొలగిపోతుంది. సమాధానం రాకపోతే స్టార్టరు, ఇగ్నిషన్ వలయాలు తెగి ఉంటాయి. అందువలన బండిని తోసి స్టార్టు చేయాలని ప్రయత్నించడం వృథా శ్రమ.

పాత పద్ధతి ఇమ్మొబిలైజర్ తాళంచెవులకు ఈ ఇబ్బంది లేదు. వాటి పిడిలోని చిప్పుకు బ్యాటరీ ఉండదు, తాళం రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట నుండే అది శక్తిని గ్రహిస్తుంది.

ఫాబ్‌లో వాడే సెల్లు

అనేక ఫాబ్‌లలో సీఆర్2032 అనే సెల్లును వాడతారు. ఈ పేరులోనే దాని వివరాలన్నీ ఉన్నాయి. 'సీ' అనగా లిథియం–మాంగనీసు డయాక్సైడు రసాయన వ్యవస్థ, 'ఆర్' అనగా గుండ్రని ఆకారం, 20 అనగా 20 మిల్లీమీటర్ల వ్యాసం, 32 అనగా 3.2 మిల్లీమీటర్ల మందం. దీని వోల్టేజి 3 వోల్టులు. సీఆర్2025 సెల్లుకు కూడా వ్యాసం, వోల్టేజి ఇవే, కాని మందం 2.5 మిల్లీమీటర్లే. దానిని సీఆర్2032కు బదులుగా పెడితే వదులుగా ఉండి, బండి కుదుపులకు స్పర్శ తప్పుతుంది. రీఛార్జి చేయదగిన ఎల్‌ఐఆర్2032 వోల్టేజి ఎక్కువ కనుక దానిని వాడరాదు.

మీటరుతో కొలిచి సెల్లు బాగున్నదని నిర్ధారించుకొనడం అంత నమ్మదగినది కాదు. ఈ రకం సెల్లు జీవితకాలంలో చాలా భాగం 3 వోల్టులకు దగ్గరగానే చూపి, చివరిలో ఒక్కసారిగా పడిపోతుంది. సెల్లు పాతబడేకొద్దీ దాని అంతర్నిరోధం పెరుగుతుంది. ఊరకే కొలిచినప్పుడు సరిగానే కనిపించినా, ఫాబ్ సంకేతం పంపే క్షణంలో కావలసిన విద్యుత్తును అది ఇవ్వలేదు. చలి వాతావరణంలో ఈ నిరోధం మరింత పెరుగుతుంది. రాత్రి పనిచేసిన ఫాబ్ తెల్లవారుజామున మొండికేయడానికి ఇదే కారణం.

ఫాబ్‌ను ఎప్పుడూ బండి పక్కనే ఉంచితే అది మాటిమాటికీ మేల్కొని సెల్లు త్వరగా తరిగిపోవచ్చు. పైగా అది దొంగకు తలుపు తీసి పెట్టడమే అవుతుంది.

లోపం ఎక్కడ ఉన్నదో గుర్తించడం

దీపాలు ప్రకాశవంతంగా వెలిగి, ఇంజను మాత్రం తిరగక, భద్రతా సూచిక వెలుగుతూ ఉంటే ఫాబ్‌ను అనుమానించాలి. దీపాలే మసకబారితే లోపం బండి ప్రధాన బ్యాటరీలో ఉన్నది. బలమైన రేడియో ప్రసార కేంద్రాల సమీపంలో ఫాబ్ సంకేతం అణగిపోయి, సెల్లు బాగున్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. అటువంటి చోట బండిని కొంత దూరం నడిపించుకొని పోయి మరల ప్రయత్నించాలి.

హార్లే-డేవిడ్‌సన్ పద్ధతి

అమెరికాకు చెందిన హార్లే-డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లలో ఫాబ్ లేకుండా భద్రతా వ్యవస్థను తొలగించడానికి ఐదు అంకెల పిన్ ఉంటుంది. అంకెలు 1 నుండి 9 వరకు మాత్రమే, సున్నా ఉండదు. కారణం సులభమే: అంకెను మీట నొక్కిన లెక్కతో తెలుపుతారు, సున్నా సార్లు నొక్కడం సాధ్యం కాదు కదా!

ఈ సంస్థ సంప్రదాయ మోడళ్లలో ఎడమ, కుడి ఇండికేటర్లకు హ్యాండిల్ రెండు వైపులా వేర్వేరు మీటలు ఉంటాయి. ముందుగా ఇగ్నిషన్ వేసి, రెండు మీటలనూ ఒకేసారి నొక్కి, ఇండికేటర్లు మెరిసి సంకేతం ఇచ్చేవరకు పట్టుకోవాలి. తరువాత పిన్‌లోని మొదటి అంకె ఎంతో అన్నిసార్లు ఎడమ మీటను నొక్కి, కుడి మీటను ఒకసారి నొక్కాలి. ఉదాహరణకు మొదటి అంకె 4 అయితే ఎడమవైపు నాలుగు సార్లు, కుడివైపు ఒకసారి. ఇదే విధంగా ఐదు అంకెలూ పూర్తి చేయగానే భద్రతా సూచిక ఆరిపోతుంది. లెక్క తప్పితే తొందరపడక రెండు నిమిషాలు ఆగి మొదటినుండి ప్రారంభించాలి. ఒకే మీట గల కొత్త మోడళ్లలో క్రమం వేరుగా ఉంటుంది కనుక వాహనంతో ఇచ్చిన పుస్తకం చూడాలి.

ఇక్కడ ఒక విషయం చాలామంది మరచిపోతారు. ఇగ్నిషన్ ఆపిన కొద్ది క్షణాలలోనే భద్రతా వ్యవస్థ తిరిగి అమలులోకి వస్తుంది. కనుక కొత్త సెల్లు దొరికే వరకు పెట్రోలుకు ఆగినా, టీకి ఆగినా పిన్ మరల ఇవ్వవలసిందే. బండి ప్రధాన బ్యాటరీయే అయిపోతే పిన్ కూడా ఉపయోగపడదు.

పాత బండిని కొనేవారు పిన్‌ను అడిగి తీసుకొని, ఇంటివద్దనే ఒకసారి ప్రయత్నించి చూడడం మంచిది. పిన్ వ్రాసిన చీటీ పర్సులో ఉండాలి, బండి పెట్టెలో కాదు.

ఇతర సంస్థలు

ఇటలీకి చెందిన డుకాటి 2010లో తెచ్చిన మల్టీస్ట్రాడా 1200తో రెండు తాళాలు ఇచ్చింది. వాటిలో ఒకటి బ్యాటరీ లేనిది, యాంటెన్నాకు కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉంచితే పనిచేస్తుంది. జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ 'కీలెస్ రైడ్' వ్యవస్థలో సెల్లు అయిపోయిన తాళాన్ని పుస్తకంలో చూపిన యాంటెన్నా స్థానానికి ఆనించి పట్టుకోవాలి. భారతదేశంలో 2023 జనవరిలో హోండా యాక్టివాకు 'హెచ్-స్మార్ట్' తాళం వచ్చింది. దానితో ఖరీదైన బండ్ల సమస్య తెలుగునాట సామాన్య కుటుంబాల స్కూటర్లకూ చేరింది.

సెల్లు మార్చడం

ఫాబ్ అంచున ఉన్న గాడిలో పలుచని రేకును పెట్టి నెమ్మదిగా తిప్పితే రెండు భాగాలుగా విడిపోతుంది. పాత సెల్లు ఏ వైపుకు ఉన్నదో చూసి తీయాలి. కొత్తదానిని అంచులతో పట్టుకోవాలి, వ్రేళ్ళ జిడ్డు స్పర్శను చెడగొడుతుంది. పిల్లలు మింగకుండా కొన్ని సెల్లులకు చేదు పూత పూస్తున్నారు. ఈ పూత కొన్ని పరికరాలలో విద్యుత్ స్పర్శకు అడ్డువస్తుంది. 2021లో ఆపిల్ సంస్థ తన ఎయిర్‌ట్యాగ్ విషయంలో ఈ హెచ్చరికనే చేసింది. కొత్త సెల్లు వేసినా ఫాబ్ పనిచేయకపోతే పూత లేని సెల్లు వేసి చూడాలి.

తీసివేసిన సెల్లు

ఫాబ్‌కు పనికిరాని సెల్లులో కూడా మనిషికి హాని చేయగల శక్తి మిగిలే ఉంటుంది. 20 మిల్లీమీటర్ల సెల్లు చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కొంటే, లాలాజలం తగిలి విద్యుత్తు ప్రవహించి, అక్కడ గాఢమైన క్షారం తయారవుతుంది. రెండు గంటలలోనే తీవ్రమైన గాయం ఏర్పడవచ్చు. మింగినట్లు అనుమానం కలిగినా వాంతి చేయించే ప్రయత్నం చేయక వెంటనే ఎక్స్-రే సౌకర్యం గల ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. తీసిన సెల్లుకు రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందని చోట ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి ఇవ్వాలి.