కేడీఈలో ఆ ‘కే’

1990లలో యూనిక్స్ యంత్రాల మీద సీడీఈ, అంటే కామన్ డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్, ఉండేది. 1996 అక్టోబరులో జర్మనీలోని ట్యూబింగెన్ విద్యార్థి మథియాస్ ఎట్రిష్ మరో డెస్క్‌టాప్ తలపెట్టి, సీడీఈని వెక్కిరిస్తున్నట్టు కేడీఈ అని పేరు పెట్టారు. ‘కే’ అంటే కూల్. స్పెల్లింగు కావాలనే తప్పు. కొన్నాళ్లకు కూల్ ఊడిపోయి ఉత్త ‘కే’ మిగిలింది. అర్థం పోయినా అక్షరం పాకింది. కాన్సోల్, కాంటాక్ట్ లాంటి అప్లికేషన్ల పేర్లు కే తోనే మొదలు. తెలుగు లిపిలో రాస్తే ఈ చమత్కారం కనబడదనుకోండి.

2009లో కేడీఈ అన్నది డెస్క్‌టాప్ పేరు కాదని, దాన్ని తయారుచేసే బృందం పేరని తేల్చారు. డెస్క్‌టాప్‌కి ప్లాస్మా పేరు ఖాయమైంది. మంచి పనే. ఎందుకంటే కేడీఈ అప్లికేషన్ కావాలంటే డెస్క్‌టాప్ మొత్తం దింపుకోవాలన్న భయం ఆ పాత పేరుతోనే పుట్టింది.

ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే వేరే డెస్క్‌టాప్ వాడేవాళ్లు కేడీఈ వాళ్ల కేట్ ఎడిటర్ ఇన్‌స్టాల్ చేస్తే ప్యాకేజీల జాబితా చాంతాడంత వస్తుంది, నిజమే. కానీ అందులో ఎక్కువగా ఉండేవి క్యూటీ, కేడీఈ ఫ్రేమ్‌వర్క్స్ లైబ్రరీలు. ప్లాస్మా ప్యానెల్ గానీ దాని విండో మేనేజర్ గానీ అక్కర్లేదు. 2014లో పాత లైబ్రరీల మూటను విడివిడి ముక్కలు చేశాక, ఏ అప్లికేషన్‌కి కావలసినవి అది తెచ్చుకుంటోంది. ఒక్కోసారి టూల్‌బార్ బటన్లు బోసిగా కనిపిస్తాయి. మీ థీమ్‌లో ఆ బొమ్మలు లేవన్నమాట; బ్రీజ్ ఐకాన్ల ప్యాకేజీ వేసుకుని, ఐకాన్ థీమ్‌గా దాన్ని ఎంచుకుంటే సరి.

అయినా ‘కేడీఈ వాడతావా?’ అని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ డెస్క్‌టాప్ గురించే అడుగుతున్నట్టు లెక్క.