ట్రయథ్లాన్‌లో ట్రాన్సిషన్: చరిత్ర

ట్రయథ్లాన్‌లో ఈత ముగించి సైకిలెక్కే ఘట్టాన్నీ, సైకిలు దిగి పరుగందుకునే ఘట్టాన్నీ ట్రాన్సిషన్ అంటారు. మొదటిది టీ1, రెండోది టీ2. ఈత మొదలైనప్పుడు తిరగడం మొదలైన గడియారం పరుగు చివరి గీత దాకా ఎక్కడా ఆగదు. కాబట్టి హెల్మెట్ పెట్టుకోవడానికీ, బూట్లు తొడుక్కోవడానికీ పట్టిన సమయం కూడా ఫలితంలో కలిసిపోతుంది. అందుకే ఆటగాళ్లు దీన్ని నాలుగో విభాగమని పిలుచుకుంటారు. ఆ పేరు సబబేనని చరిత్ర చూపుతుంది, అయితే మామూలుగా చెప్పే కారణం వల్ల కాదు. ట్రాన్సిషన్‌లో ఆదా అయ్యే సెకన్లు స్వతహాగా చాలా తక్కువ. తర్వాతి దశలోకి ఆటగాడు ఏ స్థానంలో, ఏ శారీరక స్థితిలో అడుగు పెడుతున్నాడన్నదాన్ని బట్టే ఆ సెకన్లకు విలువ వస్తుంది. నియమాలు మారినప్పుడల్లా ఆ విలువ మారుతూ వచ్చింది.

తొలి రూపాలు

1920 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ‘మూడు క్రీడలు’ అనే పేరుతో పరుగు, సైకిలు, ఈత కలిపిన పోటీలు జరిగాయి. మధ్యలో విరామం లేకుండా మూడింటినీ వరుసగా పూర్తి చేయాలన్న ఆలోచన అప్పటికే ఉంది. ఆధునిక ట్రయథ్లాన్ మాత్రం 1974 సెప్టెంబర్ 25న కాలిఫోర్నియాలో, శాన్ డియాగో నగరంలోని మిషన్ బే దగ్గర పుట్టింది. అక్కడి ట్రాక్ క్లబ్ తరఫున జాక్ జాన్‌స్టన్, డాన్ షనహాన్ దాన్ని ఏర్పాటు చేశారు. 46 మంది పాల్గొన్నారు. ఆ పోటీలో పరుగు ముందు, సైకిలు తర్వాత, ఈత చివర. ఈతనూ పరుగులో కొంత భాగాన్నీ ముక్కలు చేసి ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా అమర్చారు. మొత్తం సుమారు పది కిలోమీటర్ల పరుగులో దాదాపు మూడు కిలోమీటర్లు గడ్డి మీదా ఇసుక మీదా ఒట్టి కాళ్లతోనే. అంటే ఒక దశ నుంచి మరో దశకు మారడం ఈ ఆటలో తర్వాతెప్పుడో చేరిన అదనపు హంగు కాదు. తొలి పోటీలోనే అలాంటి మార్పులు నేటికన్నా ఎక్కువసార్లు వచ్చాయి.

ఆ పోటీలో పాల్గొన్న జాన్, జూడీ కాలిన్స్ దంపతులే ఆ తర్వాత హవాయిలో ఐరన్‌మ్యాన్‌కు పునాది వేశారు. 1978 ఫిబ్రవరి 18న ఒవాహు ద్వీపంలో 15 మంది బయలుదేరగా 12 మంది గమ్యం చేరారు. 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గార్డన్ హాలర్ గెలిచాడు. 3.9 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల మారథాన్ పరుగు అన్న వరుస అక్కడే స్థిరపడింది. నీళ్లూ తిండీ అందించే సహాయకులను అప్పట్లో ఎవరికి వారే వెంట తెచ్చుకోవాల్సి వచ్చింది. అంత సుదీర్ఘమైన పోటీలో దశల మధ్య విరామమంటే ఊపిరి తీసుకునే వేళ. అక్కడ తొందరపడితే దక్కేది స్వల్పం, అలసటను లెక్క చేయకపోతే పోయేది చాలా ఎక్కువ.

నియమాలు తెచ్చిన మలుపు

1989లో ఫ్రాన్స్‌లోని అవిన్యోఁలో అంతర్జాతీయ ట్రయథ్లాన్ సమాఖ్య ఏర్పడి, అదే ఏడాది అక్కడే తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిపింది. 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు ప్రామాణిక దూరాలయ్యాయి. పోటీ సుమారు రెండు గంటలకు కుదించుకుపోవడంతో ట్రాన్సిషన్‌లో పోగొట్టుకున్న ప్రతి సెకనూ బరువెక్కింది. అసలు మలుపు మాత్రం 1995లో వచ్చింది. అగ్రశ్రేణి పోటీల్లో ఒకరి సైకిలు వెనక మరొకరు అంటిపెట్టుకుని నడపడానికి ఆ ఏడాది అనుమతి దొరికింది. ముందువారి చాటున గాలి నిరోధం బాగా తగ్గుతుంది కనుక గుంపులో నడిపేవారికి శ్రమ తక్కువ, వేగం ఎక్కువ. టీ1లో కొద్ది సెకన్లు వెనకబడి గుంపు తప్పిపోయినవారు ఒంటరిగా గాలికి ఎదురు నడపాలి. ఆ కొద్ది సెకన్లే పరుగు మొదలయ్యేసరికి నిమిషాలవుతాయి.

అప్పటికే పనిముట్లూ అనుకూలించాయి. లుక్ సంస్థ 1984లో తెచ్చిన క్లిప్ పెడళ్ల వల్ల బూట్లను ముందే పెడళ్లకు బిగించి ఉంచే వీలు కలిగింది. రబ్బరు బ్యాండ్లతో వాటిని కదలకుండా నిలిపి, ఒట్టి కాళ్లతో పరుగెత్తుకొచ్చి సైకిలు మీదికి దూకి, నడుపుతూనే పాదాలు దూర్చడం అలవాటైంది. 1987లో డాన్ ఎంప్‌ఫీల్డ్ ట్రయథ్లాన్ కోసమే వెట్‌సూట్ రూపొందించాడు. సాగే లేసులు వచ్చి ముడివేసే పనిని తప్పించాయి. పనిముట్ల వల్లే ట్రాన్సిషన్ నైపుణ్యంగా మారిందనడం మాత్రం సరికాదు. రబ్బరు బ్యాండు ఎవరికైనా దొరుకుతుంది; దాన్ని వాడుకుని తొణక్కుండా సైకిలెక్కడం సాధనతోనే వస్తుంది.

అభ్యంతరాలు, సమాధానాలు

బట్టలూ బూట్లూ మార్చుకోవడం క్రీడా సామర్థ్యమెలా అవుతుందన్నది మొదటి అభ్యంతరం. దీనికి జవాబు శరీరంలోనే ఉంది. నీటిలో అడ్డంగా సాగిన దేహం ఒడ్డుకు రాగానే నిలువునా పరుగెత్తాలి. సైకిలు దిగాక పరుగులో అదే వేగానికి మామూలుకన్నా ఎక్కువ శక్తి ఖర్చవుతుందని, సైకిలు నుంచి పరుగుకు మారడంపై మిలే, వ్లెక్ 2000లో ప్రచురించిన సమీక్ష చర్చించింది. ఈ ఇబ్బందిని తగ్గించుకోవడానికే సైకిలు తొక్కిన వెంటనే పరుగెత్తే ‘బ్రిక్’ సాధన చేస్తారు. అలసిన శరీరంతో, వేగంగా కొట్టుకునే గుండెతో చేతులూ కాళ్లూ తడబడకుండా పని చేయించడం కూడా సామర్థ్యమే.

హెల్మెట్ పట్టీ, నేల మీది గీత వంటివాటికి శిక్ష వేసి పతకాలను ప్రభావితం చేయడం న్యాయమా అన్నది రెండోది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జోనథన్ బ్రౌన్లీ నిర్ణీత గీత దాటకముందే సైకిలెక్కినందుకు 15 సెకన్లు ఆగాల్సి వచ్చింది. చివరికి అతను రజతం గెలిచిన హవియెర్ గోమెస్‌కు 20 సెకన్ల వెనక కాంస్యంతో ముగించాడు. శిక్ష లేకపోతే రజతమే వచ్చేదని చెప్పలేం, కానీ పోరు మరింత దగ్గరగా సాగేదనవచ్చు. అయినా ఆ నియమం అర్థం లేనిది కాదు. డజన్ల మంది ఇరుకైన చోట సైకిళ్లతో పరుగెత్తేటప్పుడు ఎక్కే గీత ప్రమాదాలను ఆపుతుంది. సైకిలును స్టాండు నుంచి తీసే ముందే హెల్మెట్ పట్టీ బిగించాలన్న నియమమూ అలాంటిదే. తొందరలోనూ నిగ్రహం తప్పకపోవడాన్ని ఈ నియమాలు పోటీలో భాగం చేశాయి.

మూడో అభ్యంతరం అన్నింటికన్నా బలమైనది: 17 గంటల గడువున్న ఐరన్‌మ్యాన్‌లో రెండు నిమిషాలు ఎంత? సాధారణ పోటీదారుకు నిజంగానే స్వల్పం. అక్కడ గుడారంలో కూర్చుని పొడి బట్టలు వేసుకోవడం, కాస్త తినడం తెలివైన పనే కావచ్చు. ఈ ఉదాహరణ పై వాదనను దెబ్బతీయదు, బలపరుస్తుంది. తర్వాతి దశ కోరేది వేగమైతే వేగం, తేరుకోవడమైతే తేరుకోవడం: మంచి ట్రాన్సిషన్‌కు కొలత అదే. 2016 రియోలో పారాలింపిక్స్‌లోకి వచ్చిన పారాట్రయథ్లాన్‌లో ఇది మరింత స్పష్టం. చక్రాల కుర్చీ విభాగంలో పోటీదారులు ఈత నుంచి చేతితో నడిపే సైకిలుకూ, దాన్నుంచి పరుగు కుర్చీకీ మారతారు. సహాయకులకు అక్కడ నియమబద్ధమైన స్థానముంది.

నేటి స్థితి

2000 సిడ్నీలో ట్రయథ్లాన్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టినప్పుడు మహిళల స్వర్ణాన్ని బ్రిజిట్ మెక్‌మహన్ రెండు సెకన్ల తేడాతో గెలిచింది. లండన్‌లో నికోలా స్పిరిగ్, లీసా నోర్డెన్‌లకు ఒకే సమయం నమోదైంది. ఫొటో చూసి విజేతను తేల్చారు. టోక్యో క్రీడల్లో చేరిన మిశ్రమ రిలేలో ఒక్కొక్కరూ 300 మీటర్ల ఈత, సుమారు 7 కిలోమీటర్ల సైకిలు, 2 కిలోమీటర్ల పరుగు దాదాపు 20 నిమిషాల్లో ముగిస్తారు. నలుగురికి కలిపి జట్టుకు ఎనిమిది ట్రాన్సిషన్లు. దూరాలు తగ్గేకొద్దీ ఈ ఘట్టానికి పోటీలో వాటా పెరుగుతోంది. ట్రయథ్లాన్‌ను మూడు ఆటల కూడికగా చూసేవారికి ట్రాన్సిషన్ ఒక ఖాళీలా కనిపించవచ్చు. ఆ మూడింటినీ విడివిడిగా ఆడేవారు వేరే పోటీల్లో ఎందరో ఉన్నారు. వాటిని ఆగకుండా ఒకదానితో ఒకటి కలిపి ఆడగలగడమే ట్రయథ్లాన్‌కు ప్రత్యేకం కాబట్టి, ఆ కలిపే నేర్పును ఆటలో పూర్తి విభాగంగానే లెక్కించాలి.